మధ్యాహ్నం పడుకునే కార్డు

2014 మే నెలలో ఒక సాయంత్రం చిన్నాయన ఫోన్ చేశాడు. "నీ కార్డు రాత్రిపూట మంచిగనే నడుస్తున్నది కొడుకా. మిట్టమధ్యాహ్నమే పంటున్నది. పొద్దు గూకినంక మళ్ల లేస్తది" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఎద్దు మేత మానేసిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కార్డు ఆయన బోరు దగ్గర ఒక్కచోటే లేదు. జనగామ దగ్గర మా ఊరు, పక్కనున్న రెండు ఊళ్ళు కలిపి 50 స్టార్టర్ డబ్బాల్లో ఉంది. అన్నీ నేను గీసి, నేను అచ్చు వేయించి, నా చేత్తో సోల్డరింగ్ చేసినవే.

కార్డు చేసే పని చిన్నది. త్రీఫేజ్ కరెంటులో ఒక ఫేజ్ పోతే మోటారు మిగతా రెండింటి మీద మూలుగుతూ తిరిగి, నిమిషాల్లో కాలిపోతుంది. బోరులో నీళ్ళు అడుగంటినా అంతే, పంపు ఉత్తగా తిరిగి పాడవుతుంది. ఈ రెండింటిలో ఏది జరిగినా కార్డు మీది రిలే పడిపోయి స్టార్టర్‌లోని నోవోల్ట్ కాయిల్‌కు కరెంటు ఆపేస్తుంది. కరెంటు వచ్చినప్పుడు తనంతట తానే మోటారును ఆన్ చేసే ఏర్పాటు కూడా అందులోనే పెట్టాను. అప్పట్లో వ్యవసాయానికి కరెంటు రోజుకు ఏడు గంటలన్నది మాటవరసకే. అది కూడా రెండు మూడు విడతలుగా, అర్ధరాత్రి దాటాక ఒక విడతగా వచ్చేది. మోటారు వేయడానికి చీకట్లో బావి దగ్గరికి పోయి పాము కరిచి పోయినవాళ్ళు, తడిచేత్తో స్టార్టర్ పట్టుకుని పోయినవాళ్ళు మా వైపు ప్రతి ఊళ్ళో ఉన్నారు. నేను ఆ కార్డు మొదలుపెట్టింది అందుకే.

మొదటి పది కార్డులు ఇంట్లోనే చేశాను. కోఠీ గుజరాతీ గల్లీలో రాగి రేకు అంటించిన షీటు, పొడి ఫెర్రిక్ క్లోరైడ్ పొట్లం కొనుక్కొచ్చి, లేజర్ ప్రింటర్‌లో నున్నటి కాగితం మీద బొమ్మ తీసి, ఇస్త్రీపెట్టెతో రాగి మీదికి దించి, ప్లాస్టిక్ తొట్టిలో కడిగేవాణ్ణి. వేళ్ళకు అంటిన గోధుమరంగు మరక వారం దాకా పోయేది కాదు. ఆ పది కార్డులు ఒకవైపే రాగి ఉన్నవి, మొరటువి. రెండో వైపు కావలసిన దారులకు తీగ ముక్కలు వేసి అతికించాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అర్థమవుతున్నది, వాటిలో ఒక్కటీ మధ్యాహ్నం పడుకోలేదు.

చిన్నాయన బోరు చూసి పక్కవాళ్ళు అడిగారు. ఆయనకు కొత్తది కలిపి 50 కావాలన్నారు. 50 కార్డులు తొట్టిలో కడగడం కుదరదు. పైగా డబ్బాలో ఇమడాలంటే కార్డు చిన్నదవ్వాలి, అంటే రెండు వైపులా రాగి దారులు ఉండాలి, పైదారి నుంచి కింది దారికి కరెంటు దిగడానికి రంధ్రాల లోపలి గోడలకు రాగి పూత ఉండాలి. మా వృత్తిలో ఆ సన్నటి రంధ్రాన్ని వయా అంటాం. నా కార్డులో అలాంటివి 22 ఉన్నాయి. అది ఇంట్లో అయ్యే పని కాదు. అప్పటికి నేను కుషాయిగూడలో తూకం యంత్రాల కార్డులు గీసే చిన్న ఆఫీసులో పనిచేస్తున్నాను. అక్కడ బోర్డుల ఆర్డర్లు ఇచ్చేది వేరేవాళ్ళు. సొంతంగా ఒక తయారీదారును ఎంచుకోవడం నాకదే మొదటిసారి.

ఎలా ఎంచుకున్నానో దాచకుండా చెబుతాను. ముగ్గురిని రేటు అడిగాను, తక్కువ చెప్పినవాడికి ఇచ్చాను. అంతకుమించి ఏమీ చూడలేదు. నగరం అంచున పారిశ్రామికవాడలో ఒక షెడ్డు. యజమాని మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. చదరపు సెంటీమీటరు లెక్కన ధర చెప్పి, టూలింగ్ చార్జీ కూడా సగానికి తగ్గించాడు. పదిరోజుల్లో బోర్డులు చేతికొచ్చాయి. ఆకుపచ్చగా నిగనిగలాడుతూ, తెల్లటి అక్షరాలతో, అంచులు సాఫీగా ఉన్నాయి. నా పేరు పొడి అక్షరాలు కూడా అచ్చయి ఉంటే కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. షెడ్డు వెనక కాలువలో నీలిరంగు నీళ్ళు పారుతుండటం ఆ రోజు చూశాను. చూసి కూడా అడగలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

చిన్నాయన ఫోన్ వచ్చిన మర్నాడే ఉప్పల్‌లో బస్సెక్కాను. మధ్యాహ్నం రెండింటికి బోరు దగ్గర నిలబడ్డాం. రేకు డబ్బా మీద చెయ్యి ఆనించలేకపోయాను. లోపల థర్మామీటరు పెడితే 63 డిగ్రీలు. కార్డు మీద చిన్న ఎర్రదీపం ఒకటి ఉంటుంది, అది వెలిగి ఆరుతున్నది. తువ్వాలతో విసిరితే కాసేపు నిలబడి వెలిగింది, మానేస్తే ఆరిపోయింది. చిన్నాయన పక్కనుంచి, "గాలి తగిలితే పానం లేసొస్తున్నది సూడు" అన్నాడు. రోగం సగం ఆ మాటలోనే దొరికింది.

ఆ కార్డు విప్పి తెచ్చుకున్నాను. హెయిర్ డ్రయ్యరుతో వేడి చేస్తూ, మల్టీమీటరు మోత వింటూ ఒక్కొక్క దారీ పరీక్షించాను. పదిహేడో వయా దగ్గర మోత ఆగింది. చల్లారగానే మళ్ళీ మోగింది. అంటే రంధ్రం లోపల రాగిగోడ చిట్లింది. చల్లగా ఉన్నప్పుడు చిట్లిన అంచులు రెండూ ఆనుకుని ఉంటాయి, వేడికి విడిపోతాయి. కార్డుకు వాడే గ్లాస్ ఎపాక్సీ షీటు వేడెక్కితే మందం వైపు సాగుతుంది, అదీ రాగి సాగే దానికి మూడురెట్లు పైగా. రంధ్రం గోడకున్న రాగి ఆ లాగుడుకు తట్టుకోవాలి. తగినంత మందం ఉంటే ఏళ్ళ తరబడి తట్టుకుంటుంది. లేకపోతే రోజూ మధ్యాహ్నం సాగి, రోజూ రాత్రి ముడుచుకుని, ఒకనాడు తెగుతుంది.

ఎంత మందం ఉందో కళ్ళతో చూడాలనిపించింది. ఆ వయా ఉన్న ముక్కను రంపంతో కోసి, సీసామూతలో నిలబెట్టి, పారదర్శకమైన జిగురు పోసి గడ్డకట్టించాను. తర్వాత నీళ్ళ ఉప్పుకాగితం మీద రుద్దడం. ముందు 220 నంబరు, తర్వాత 400, 800, 1200, చివరికి 2000. రంధ్రం సరిగ్గా సగానికి చీలేదాకా రుద్దాలి, ఒక్క వెంట్రుకవాసి ఎక్కువైతే గోడ మొత్తం పోతుంది. రెండు ముక్కలు అలాగే పాడుచేశాను. మూడోది నిలిచింది. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మిత్రుడొకడు తన ల్యాబులో లోహాలు చూసే మైక్రోస్కోపు కింద పెట్టాడు.

ఆ దృశ్యం నేను మరిచిపోలేను. మధ్యలో చీకటి సొరంగం. అటూ ఇటూ గాజుపీచు చాపలా అల్లుకుని ఉంది. వాటి మధ్య రాగి ఒక గులాబీరంగు గీత, అంతే. పైనా కిందా దారులకు కలిసే మూలల్లో కాస్త దళసరిగా ఉండి, మధ్యకు వచ్చేసరికి పలచబడింది. ఆ పలచని చోట అడ్డంగా ఒక నల్లటి వెంట్రుక. కొలతగీతల మీద లెక్కపెడితే రాగి మందం 9 మైక్రాన్లు. మామూలు వాడకపు ఎలక్ట్రానిక్స్‌కు మించిన మన్నిక కావలసిన చోట సగటున 20 మైక్రాన్లు ఉండాలని, ఇంకా కఠినమైన పనులకు 25 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. నాకు వచ్చింది అందులో సగం కన్నా తక్కువ.

షెడ్డు యజమానికి ఫోటో చూపిస్తే, "మీరు మందం రాసివ్వలేదు కదా సార్" అన్నాడు. నేను నిజంగానే రాసివ్వలేదు. షీటు 1.6 మిల్లీమీటర్లు, పైరాగి 35 మైక్రాన్లు, ఆకుపచ్చ మాస్కింగ్, తెల్ల అక్షరాలు అని రాశాను. రంధ్రంలో ఎంత రాగి కావాలో రాయాలన్న సంగతి నాకు తెలియదు. రాయకపోయినా అంత తక్కువ పూయడం తప్పేనని ఇప్పటికీ నా నమ్మకం. రాగి తొట్టిలో పూత గడియారాన్ని బట్టి పెరుగుతుంది. చదరపు డెసిమీటరుకు రెండు ఆంపియర్ల కరెంటు ఇస్తే గంటకు సుమారు 26 మైక్రాన్లు ఎక్కుతుంది. గంట ఉండాల్సిన పలకను ఇరవై నిమిషాలకే తీసేస్తే ఆ రోజు మూడింతల పలకలు తొట్టి దాటుతాయి. బయట నుంచి చూస్తే రెండు బోర్డులకూ తేడా తెలియదు. బోర్డు రేటు తగ్గడానికున్న దారుల్లో కంటికి కనబడనిది ఇదొకటి.

ఆ మే, జూన్ నెలల్లో ప్రతి ఆదివారం ఊళ్ళు తిరిగాను. చెడింది ఏడు కార్డులే అయినా మిగతా 43 కూడా అదే తొట్టిలోంచి వచ్చాయి. ఒక్కో కార్డు విప్పి, వయాల మీది మాస్కింగ్ గీకి, ఒక్కో రంధ్రంలో సన్నటి తీగపోగు దూర్చి రెండువైపులా సోల్డర్ చేశాను. కార్డుకు 22. చెట్టుకింద, ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడిచే సోల్డరింగ్ ఐరన్‌తో. రైతులు మంచినీళ్ళు, చల్ల ఇచ్చి పక్కన కూర్చునేవాళ్ళు. ఒకాయన మోటారు అప్పటికే కాలిపోయింది. రివైండింగ్ డబ్బులు ఇస్తానంటే, "నువ్వు కావాలని చేసినవా అయ్యా" అని తీసుకోలేదు. బలవంతంగా ఇచ్చి వచ్చాను.

కొత్తగా 50 బోర్డులు చేయించి అన్నీ మార్చాలని నిశ్చయించుకున్నాను. ఈసారి తొందరపడలేదు. నలుగురు తయారీదారులకు ఒకే గెర్బర్ ఫైళ్ళు, అంటే బోర్డు గీతల ఫైళ్ళు, పంపాను. నేను గీసిన కొత్త కార్డులో ఒక ముఖ్యమైన మార్పు ఉంది. 415 వోల్టుల ఫేజ్ తీగలు వచ్చే చోటుకూ, 5 వోల్టుల చిప్ ఉన్న చోటుకూ మధ్య బోర్డును రెండు మిల్లీమీటర్ల వెడల్పున కోయించి ఖాళీ వదలాలి. పల్లెల్లో స్టార్టర్ డబ్బాలో దుమ్ము పడుతుంది, తెల్లవారుజామున మంచు చెమ్మ దిగుతుంది, బల్లులు, చీమలు కాపురం పెడతాయి. చెమ్మపట్టిన దుమ్ము మీద పెద్ద వోల్టేజి మెల్లగా పాకుతూ వచ్చి చిప్‌ను చంపేస్తుంది. మధ్యలో చీలిక ఉంటే పాకడానికి దారి ఉండదు.

నలుగురిలో ఒకరు చైనాలోని షెన్‌జెన్ వాళ్ళు. పది నమూనాలు తెప్పించాను. బోర్డుల ధర కన్నా కొరియర్ ఖర్చే ఎక్కువైంది, కస్టమ్స్ కాగితాల కోసం రెండు రోజులు ఫోన్లు చేయాల్సి వచ్చింది. అయినా న్యాయంగా చెప్పాలి, వచ్చిన పనితనం చక్కగా ఉంది. అక్కడ ఒకే పెద్ద పలక మీద పదిమంది బొమ్మలు పక్కపక్కన పేర్చి ఒకేసారి చేస్తారు, అందుకే పదిమందికీ చౌకగా పడుతుంది. కోసి రుద్ది చూస్తే రంధ్రంలో 21 మైక్రాన్ల రాగి కనబడింది. కానీ చీలిక లేదు. రెండోది బెంగళూరు, మూడోది గుజరాత్. ఒకరి బోర్డులో చీలిక అసలే లేదు, ఇంకొకరి దాంట్లో నేను కోయమన్న చోట తెల్ల సిరాతో గీత అచ్చయి వచ్చింది.

ఫైళ్ళు తెరిచి చూసుకుంటే తప్పు నాదే. చీలికను బోర్డు సరిహద్దు ఉండే పొరలో గీయాల్సింది, వివరాలు రాసుకునే పొరలో గీశాను. గెర్బర్ ఫైలు అలాంటిది. వియన్నాలో పుట్టి 1940లో అమెరికా చేరిన జోసెఫ్ గెర్బర్ పేరు మీద వచ్చింది అది. ఆయన కంపెనీ యంత్రాలు ఫిల్ము మీద వెలుగుతో బొమ్మలు గీసేవి, ఆ యంత్రానికి ఇచ్చే ఆదేశాలే ఈనాటికీ ప్రపంచమంతా బోర్డుల భాష. అందులో గీతలుంటాయి, చుక్కలుంటాయి. ఆ గీత ఎందుకు గీశామో మాత్రం ఉండదు. అది ఎవరైనా అడిగి తెలుసుకోవలసిందే.

అడిగింది నాలుగో ఆయన. ఫైళ్ళు పంపిన మర్నాడు ఉదయం తెలియని నంబరు నుంచి ఫోన్. "సార్, మీ కార్డు చూస్తున్నా. ఫేజ్ కనెక్టరు కింద ఒక గీత ఉంది. అది కొయ్యాలా, గుర్తుకోసం పెట్టుకున్నారా?" నాకు ఒక్క క్షణం మాట రాలేదు. కొయ్యాలని చెప్పాను. "అనుకున్నా. ఒకపక్క మూడు పెద్ద ప్యాడ్లున్నాయి, ఒకపక్క సన్న దారులున్నాయి. మెయిన్స్ కరెంటయి ఉంటుందని అడిగిన. ఇంకోటి, మౌంటింగ్ రంధ్రానికి దారి మరీ దగ్గరగా పోతుంది. ఇనుప స్క్రూ బిగిస్తే తగులుతుంది. జరపమంటారా, మీరే జరిపి పంపుతారా?" అన్నాడు. అది కూడా నేను చూసుకోని తప్పే.

అడ్రసు అడిగితే చర్లపల్లి అన్నాడు. మా ఆఫీసు నుంచి బైకు మీద పది నిమిషాలు. ఆ సాయంత్రమే వెళ్ళాను. ఈసీఐఎల్ 1967లో వచ్చాక ఆ చుట్టూ చిన్న చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్లు చాలా మొలిచాయి. నాతో మాట్లాడిన ఆయనకు అరవై దాటాయి. ఏఎస్ రావు నగర్ అన్నది ఇప్పుడు చాలామందికి బస్టాపు పేరు, ఆయనకు మాత్రం ఈసీఐఎల్‌ను నిలబెట్టిన మనిషి పేరు. కుర్రతనంలో టేపు అతికించి, స్టెన్సిల్ పెట్టి చేత్తో బోర్డుల బొమ్మలు గీసిన తరం. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని వచ్చిన ప్రతి ఫైలునూ అచ్చుకు ముందు చదవడం ఆయన పని. "గీసినవాళ్ళు ఏమనుకుని గీశారో ఆలోచిస్తా సార్" అన్నాడు.

నా మైక్రోస్కోపు ఫోటో చూపించాను. కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశాడు. "పాపం, తొట్లో నిలబెట్టనే లేదు దీన్ని" అన్నాడు. నాకు 25 మైక్రాన్లు కావాలి, రాసిస్తానన్నాను. రేటు పెరుగుతుందని చెప్పాడు. ప్రతి పలక అంచున నాలుగు రంధ్రాల చిన్న ముక్క అదనంగా పెట్టి, పూత అయ్యాక దాన్ని కోసి కొలిచి, ముక్కను బోర్డులతో పాటు నాకే ఇస్తామన్నాడు. తర్వాత షెడ్డంతా తిప్పి చూపించాడు. పసుపు దీపం కింద ఫిల్ము గది, రెండు పలకల మీద ఒకేసారి కుడుతున్నట్టు దిగే డ్రిల్లు, రాగి తొట్టి మీద గోడకు సుద్దతో రాసిన టైములు. తొట్టిలో పలక పెట్టిన వేళ, తీయాల్సిన వేళ, పెట్టినవాళ్ళ సంతకం.

వెనక్కి తీసుకెళ్ళమని నేనే అడిగాను. అక్కడ మూడు సిమెంటు ట్యాంకులు. కడిగిన నీళ్ళలోంచి రాగిని మడ్డిగా దించి, ఆ మడ్డిని బస్తాలకెత్తి, కాగితాలతో సహా బయటికి పంపుతున్నారు. నీళ్ళు తేటగా ఉన్నాయి. నాకు మొదటి షెడ్డు వెనక పారిన నీలిరంగు కాలువ గుర్తొచ్చింది. ఆ రంగు కరిగిన రాగిది. దాన్ని శుభ్రం చేయడానికయ్యే ఖర్చు కూడా నాకు తగ్గించిన రేటులోనే తగ్గింది. ఆ కాలువ ఎక్కడో ఒకచోట భూమిలోకి ఇంకుతుంది, ఎవరి బోరులోకో చేరుతుంది. బోరు కాపాడే కార్డు కోసం ఇంకొక బోరులో విషం కలిపించానన్న ఆలోచన ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు. ఆ తర్వాత ఏ తయారీదారు దగ్గరికి వెళ్ళినా ముందు వెనకవైపు చూస్తాను. రేటు మాట ఆ తర్వాతే.

ఒక్కో బోర్డు పాతదానికన్నా 23 రూపాయలు ఎక్కువ పడింది. 50 బోర్డులకు 1150. ఒక్క మోటారు రివైండింగ్ ఖర్చులో అది చిన్న భాగం. ఆ లెక్క మొదటిసారే వేసుకుని ఉండాల్సింది. బోర్డులతో పాటు అగ్గిపెట్టెంత డబ్బాలో జిగురులో పోతపోసిన ముక్క కూడా వచ్చింది, పైన పెన్సిలుతో 27 అని రాసి ఉంది. పాలిటెక్నిక్ మిత్రుడి దగ్గర నేనూ చూసుకున్నాను. గులాబీ గీత పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పున దిగింది.

మరుసటి ఏడాది, 2015 మేలో, మిట్టమధ్యాహ్నం చిన్నాయన, నేను మళ్ళీ ఆ డబ్బా ముందు నిలబడ్డాం. ఆ ఏడు ఎండలు అంతకుముందుకన్నా దారుణం, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వడదెబ్బకు వందలమంది చనిపోయారు. డబ్బాలో 66 డిగ్రీలు. ఎర్రదీపం కదలకుండా వెలుగుతున్నది. గంటసేపు చూశాం. చిన్నాయన మాత్రం దీపం వైపు చూడలేదు, పైపులోంచి పడే నీళ్ళవైపే చూశాడు.

తర్వాత మూడేళ్ళలో ఆ కార్డు మూడు రూపాలు మార్చుకుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. ఆటో స్టార్టర్లు ఉంటే అవసరం లేకపోయినా మోటార్లు తిరిగి భూగర్భ జలం అడుగంటుతుందని, వాటిని తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. మా కార్డులోనూ ఆ భాగం తీసేయడమే సరైనదనిపించింది. అర్ధరాత్రి బావి దగ్గరికి పోవలసిన పని ఇక లేదు. కొత్త ఫైళ్ళు చర్లపల్లికి పంపాను.

మర్నాడు ఉదయం ఫోన్ మోగింది. "సార్, రిలే పక్కన నాలుగు ప్యాడ్లు ఖాళీగా వదిలారు. దారులేం రాలేదు వాటికి. మర్చిపోయారా?"

మర్చిపోలేదని చెప్పాను. ఎందుకు తీసేశానో కూడా చెప్పాను. ఆయన కాసేపు విని, "మంచిది. అయితే ఆ ప్యాడ్లు కూడా తీసేద్దాం. రేపు ఎవరన్నా తీగ ముక్క వేసి మళ్ళా ఆటో పెట్టుకుంటారు" అన్నాడు.